ఆఫీసరు గదిలో మంచం

భద్రాచలం వెళ్లేవాళ్లు రాముణ్ణి చూడ్డానికి వెళతారు. నేను మా పాత ఆఫీసరు గదిలో పడుకోవడానికి వెళ్లాను. ఉన్నమాట చెప్పుకోవడానికి సిగ్గెందుకు?

ఊరి నడిబొడ్డున నాలుగంతస్తుల మేడ ఒకటుంది. అడవి పల్లెల్లో సాగు భూములకు పట్టాలిచ్చే మా ఆఫీసు అందులోనే అద్దెకుండేది. నేను ఇరవై రెండేళ్లు అక్కడ తెలుగు టైపిస్టుని. ఆఫీసరు గది మూడో అంతస్తులో. రోజుకు పదిసార్లు కాగితాలు పట్టుకుని వెళ్లడం, సంతకమయ్యేదాకా నిలబడడం, తిరిగి రావడం. ఆ గదిలో నన్ను కూర్చోమన్న పుణ్యాత్ముడు ఒక్కడూ లేడు. నేను రిటైరై మధిర వచ్చేశాక ఆఫీసు సొంత భవనానికి మారింది. ఖాళీ అయిన మేడలో యజమాని కింది మూడంతస్తులు హోటలు చేశాడట, పై అంతస్తు ఫ్లాట్లు చేసి అమ్మాడట, లిఫ్టు కూడా పెట్టించాడట. ఆ కబురు వినగానే మా ఆయనతో అన్నాను: "ఏవండీ, ఆ గదిలో ఒక్కరోజైనా కాళ్లు బారజాపుకుని పడుకోవాలి."

ఆయన రిటైరైన లెక్కల మాస్టారు. "మనింట్లో మంచం లేదా సుభద్రా?" అన్నారు. అంటూనే స్టేషన్‌కెళ్లి రైలు టైము కనుక్కొచ్చారు.

మధిరలో ఆరూ నలభై ప్యాసింజరు. ఆయన నన్ను ఐదున్నరకే ప్లాట్‌ఫారం మీద నిలబెట్టారు. రైలేమో ఏడుంబావుకి తీరిగ్గా వచ్చింది. ఖమ్మంలో దిగి బస్టాండు దగ్గర ఇడ్లీలు తిన్నాం. కారప్పొడి బాగుంది, చట్నీ గురించి మాట్లాడకపోవడమే మర్యాద. తొమ్మిదింబావుకి భద్రాచలం బస్సు. మీరెప్పుడైనా పొద్దుటి బస్సెక్కితే ఎడమవైపు సీట్లు పట్టుకోండి, ఎండ తగలదు.

మా ముందు సీట్లో ముదిగొండ రైతు ఒకాయన, మొక్కు తీర్చుకోవడానికి పోతున్నాడు. మా సంగతి అడిగి, విని, వెనక్కి పూర్తిగా తిరిగి కూర్చున్నాడు.

"హోటల్ల పండుకునేటందుకు పోతున్నరా? దేవుని కాడికి గాదా?"

"దేవుడి దగ్గరికి కూడా వెళతాం," అన్నాను.

"గట్ల జెప్పుండ్రి మరి," అని ఊపిరి పీల్చుకుని మళ్లీ ముందుకు తిరిగాడు.

పదకొండున్నరకు కొత్తగూడెం. బస్సు పావుగంట ఆగితే మిరపకాయ బజ్జీలు కొన్నాం. పాల్వంచ దాటాక టేకుచెట్లు, చల్లగాలి. గోదావరి వంతెన మీద బస్సంతా లేచి నిలబడి నీళ్లలోకి చిల్లర విసిరింది. ఒంటిగంటకి దిగాం.

హోటల్లోకి అడుగుపెట్టగానే నాకు నవ్వాగలేదు. రిసెప్షన్ బల్ల మా తపాలు బల్లే! జనం అర్జీలు ఇచ్చే బల్ల. పైన సన్‌మైకా అతికించి, ప్లాస్టిక్ గులాబీలు పెట్టారు. దాని వెనక మేనేజరు గౌస్ భాయ్. ఖమ్మంలో గడియారాలు బాగుచేసే కుటుంబమట, మంచి మాటకారి. "ఫోన్‌ల మూడో అంతస్తు కావాలె అన్నది మీరేనామ్మా? అందరు కిందిది అడుగుతరు, మీరు పైది అడిగిన్రు," అన్నాడు. మా ఆయన లిఫ్టును నమ్మలేదు. నేను లిఫ్టులో, ఆయన మెట్ల మీద. ఆయనే ముందొచ్చారు.

గది బ్రహ్మాండంగా ఉంది. ఆఫీసరు బల్ల ఉన్నచోటే డబుల్ కాటు, ఫోము పరుపు. బీరువా ఉన్నచోట స్నానాలగది. భోంచేసి వచ్చి, కోరుకున్నట్టే కాళ్లు బారజాపుకుని పడుకున్నాను. నిద్ర వస్తే ఒట్టు! "ఏమ్మా, ఆ లెటరు అయిందా?" అని ఎవరో అడుగుతారేమోనని ఒకటే గాభరా. లాభం లేదని లేచి పై అంతస్తు ఫ్లాట్లు చూడబోయాను. మా రికార్డు గది ఇప్పుడు ఎవరిదో వంటిల్లు. ఇక్కడ ఫైళ్లుండేవమ్మా అని చెబితే ఆ ఇల్లాలు నెత్తి కొట్టుకుంది: "అందుకేనా తల్లీ ఇన్ని ఎలుకలు!"

మూడింటికి టీ కోసం కిందికి దిగాను. బల్ల ముందు ఒకావిడ నిలబడి ఉంది, నలభై ఏళ్లుంటాయేమో. చెప్పులు గుమ్మం బయట విడిచింది. చేతిలో మడత కాగితం.

"ముద్దరైతే ఏసిండ్రు గద సారు. నంబరు ఇయ్యలే. నంబరు జెప్పుండ్రి," అంటోంది.

గౌస్ భాయ్ తల గోక్కుంటున్నాడు. నేను ఆ కాగితం అడిగి తీసుకున్నాను. అర్జీ నకలు. పేరు ముత్తమ్మ, దుమ్ముగూడెం అవతల ఊరు. భర్త పోయాడు. ఇద్దరూ దున్నుకున్న రెండెకరాలు తన పేర రాయమని మనవి. వెనక్కి తిప్పితే గుండ్రటి ముద్ర, మధ్యలో పింఛం విప్పిన నెమలి, చుట్టూ హోటలు పేరు.

"ఇదేంటి భాయ్?"

"ఏం జెయ్యాలమ్మా? ఆఫీసు ఈడ లేదంటే నమ్మరు. పెద్ద మేడ ఇదే గద అంటరు. ముద్దర ఏస్తే గాని కదలరు. అడవి దారి, పొద్దుగూకుతది. జల్దీ ఇంటికి పోనీ అని ఏసిన."

"మరి తీసుకున్న అర్జీలేవి?"

సొరుగు లాగాడు. సబ్బుబిళ్లల మధ్య పద్నాలుగు అర్జీలు, అన్నీ ముత్తమ్మ ఊరివే, పొందికగా రబ్బరుబ్యాండు వేసి. ఆఫీసువాళ్లెవరైనా వస్తే ఇద్దామని దాచాడట. మూడు నెలలుగా ఎవరూ రాలేదట.

ముత్తమ్మకు సంగతి అర్థమైంది. "రేపు మా ఊరికి సర్వే జీపు వస్తది. ఇయ్యాల అయిదు దాటితే పేర్లు ఎక్కియ్యరంట. మా మరిది పేరు ఎక్కిందంటే నేను పిల్లలను దీస్కొని ఏడికి పోవాలె?"

నాకు ఒళ్లు మండిపోయింది. "బుద్ధుందా గౌస్ భాయ్? జనం కాగితాలు తీసుకుని, ముద్ర కొట్టి, సొరుగులో పడేస్తారా?"

ఆయన అమాయకంగా అన్నాడు: "ఈ బల్ల మీద శాన ఏండ్ల సంది గదే నడిసిందంట గదమ్మా. ఊరోళ్లు జెప్పిన్రు."

టీ సంగతి మర్చిపోయి మా ఆయన్ని కేకేశాను. గౌస్ భాయే పరుగెత్తి ఆటో తెచ్చాడు. అర్జీల కట్టతో ముగ్గురం చర్ల రోడ్డులో ఉన్న కొత్త ఆఫీసు చేరేసరికి మూడూ నలభై.

సూపరింటెండెంటు కొత్తవాడు, నన్నెరగడు. కట్ట తిరగేసి నవ్వాడు. "ఇది హోటలు ముద్ర కదమ్మా. చెల్లదు."

"నెమలి సంగతి వదిలెయ్యండి సార్. ముందుపక్క చదవండి. వేలిముద్రలు వాళ్లవే. గడువు ఇంకా గంటకు పైనే ఉంది."

చదివాడు. నవ్వు మానేశాడు. మనిషి చెడ్డవాడు కాదు. "తీసుకుంటానమ్మా. కానీ జాబితా టైపయి సంతకం కూడా అయిపోయింది. అయిదింటికి సర్వేవాళ్లు తీసుకుపోతారు. ఈ పేర్లు అనుబంధంగా టైపు చేసి ఇస్తే తప్ప ఎక్కవు. మా టైపిస్టేమో సెలవులో ఉంది."

"మిషనెక్కడ?" అన్నాను.

ఇన్నాళ్లకు మళ్లీ టైపు మిషను ముందు కూర్చున్నాను. నాలుగు కాగితాలు, మూడు కార్బన్లు. మొదటి వరుసలో రెండు తప్పులు! సిగ్గుతో చచ్చి, కాగితాలు మార్చి మళ్లీ మొదలుపెట్టాను. మా ఆయన పక్కన కూర్చుని సర్వే నంబర్లు రెండేసిసార్లు సరిచూశారు. కొన్ని అర్జీల్లో రాత ఎవరికీ అంతుపట్టలేదు. అప్పుడు ముత్తమ్మ అందుకుంది. "గది గుట్టకింద సోమయ్యది. ఒక కన్ను కనబడది, జొన్న ఏస్తడు." "గది మా ఎదురింటి లచ్చమ్మది. దానికి నవ్వొస్తె ఆగది." నేను ఈ వేళ్లతో వేల పేర్లు కొట్టాను. ఒక్క పేరు వెనకా మనిషి కనిపించలేదు. ఆ సాయంత్రం పద్నాలుగు మంది వరసగా వచ్చి నా మిషను చుట్టూ కూర్చున్నట్టే ఉంది.

పదకొండో పేరు ముత్తమ్మది. కొట్టి, వేలితో చూపించాను. ఆమె వంగి చూసింది.

"గిదేనా నా పేరు?"

"అవునమ్మా."

"గింతేనా?"

"ఇంతే."

"అమ్మా, గింతకేనా నేను మూడుపాలి తిరిగింది!" అంది. కోపంగా కాదు, ఆశ్చర్యంగా. మా ఆయన "టైము నాలుగూ నలభై" అన్నారు. పన్నెండో పేరు మొదలుపెట్టాను.

అయిదుకు ఏడు నిమిషాల ముందు సంతకమైంది. సర్వే గుమాస్తా జాబితాతో కలిపి కుట్టుకుని జీపెక్కాడు. ముత్తమ్మకు నంబరు, అసలు ముద్ర పడిన కాగితం దొరికాయి. ఆమె ముద్రను అటూ ఇటూ తిప్పి చూసి పెదవి విరిచింది. "గా నెమలిదే మంచిగుండె." సూపరింటెండెంటుతో సహా అందరం పగలబడి నవ్వాం. ఆమెను దుమ్ముగూడెం బస్సెక్కించి, కదిలేదాకా నిలబడ్డాం. కిటికీలోంచి చెయ్యూపుతూ, "మా ఊరికి రాండ్రి, జొన్నరొట్టె పెడత!" అని అరిచింది.

ఆ రాత్రి ఆఫీసరు గదిలో నాకు ఒళ్లు తెలియని నిద్ర పట్టింది. గురక పెట్టానని మా ఆయన అభియోగం.

తెల్లవారి దర్శనం చేసుకుని తొమ్మిదిన్నర బస్సెక్కాం. బయల్దేరే ముందు మా ఆయన, ఆఫీసు మారిందని పెద్దక్షరాలతో బోర్డు రాసిస్తానన్నారు. "సదువు రానోళ్లకు బోర్డెందుకు సార్? నేనే ఆటో ఎక్కిచ్చి తోలుత," అన్నాడు గౌస్ భాయ్. నెమలి ముద్ర ఇక అద్దె రసీదులకే అని నా ముందు ఒట్టు కూడా వేశాడు.

హోటలు మంచిదే. వేడినీళ్లు ఎనిమిదింటిదాకా వస్తాయి, సాంబారు బాగుంటుంది, లిఫ్టుకు ఓపిక కావాలి. మూడో అంతస్తు అడగండి. ఒక్కమాట మాత్రం గుర్తుంచుకోండి. మీరు దిగే వేళకి ఆ బల్ల ముందు ఎవరైనా కాగితం పట్టుకుని నిలబడి ఉంటే, గది తాళం తర్వాత తీసుకోవచ్చు. కొత్త ఆఫీసు చర్ల రోడ్డులో ఉంది. దారి చెప్పి ఊరుకోకండి, వెంట వెళ్లండి. నేను ఇరవై రెండేళ్లు రోజూ ఆ బల్ల పక్కనుంచే మెట్లెక్కాను. ఒక్కరోజు కూడా ఆగి, "ఏం కావాలమ్మా?" అని అడగలేదు.