పాలేరు అవతల నాలుగేళ్లు

జగ్గయ్యపేటలో నేను బడి మానేశానని అందరూ అంటారు. నిజానికి బడే నన్ను మానేసింది. ఎనిమిదో తరగతిలో లెక్కల మాస్టారి నడక ఎలా ఉంటుందో ఆయన వెనకాలే నడిచి పిల్లలకు చూపిస్తుంటే ఆయన వెనక్కి తిరిగారు. అంతకుముందు హెడ్మాస్టారి తుమ్ము, డ్రిల్లు మాస్టారి ఈల. ఇక వాళ్లకీ ఓపిక అయిపోయింది.

మా చెల్లి నాకంటే రెండేళ్లు చిన్నది. మా ఇంటికి రావలసిన చదువంతా దాని వాటాకే వచ్చింది. నా వేషాలకు మొదట పగలబడి నవ్వేది కూడా అదే. కానీ అది ఆరో తరగతిలో అదే బళ్లో చేరింది. హాజరు పిలిచినప్పుడల్లా, ‘ఓహో, ఆ మహానుభావుడి చెల్లెలివా’ అని మాస్టార్లు, దానికి క్లాసంతా నవ్వు. సాయంత్రం ఇంటికొచ్చి ఏడ్చేది కాదు, అన్నం తినేది కాదు. ఏడాది చూసి మా నాన్న నన్ను సైకిల్ షాపులో పెట్టి, దాన్ని కోదాడ బళ్లో చేర్చారు. అక్కడ నన్నెవరూ ఎరగరు.

కోదాడ ఏమన్నా కాశీయా? పొద్దున బస్సెక్కితే చిల్లకల్లు, గరికపాడు, పాలేరు వంతెన, ఆ తర్వాత కాసేపటికి కోదాడ. వంతెన దాటితే జిల్లా మారి తెలంగాణ వస్తుంది గానీ బస్సు కుదుపు కూడా మారదు. ఏడు నుంచి పది దాకా నాలుగేళ్లు అమ్మ కట్టిన క్యారేజీ పట్టుకుని పొద్దున వెళ్లింది, సాయంత్రం వచ్చింది. ఒక్క రాత్రి అక్కడ పడుకోలేదు. ఇంటర్ నందిగామలో చదివింది. తొంభైల మధ్యలో ఎంసెట్ రాస్తే ర్యాంకు వచ్చింది.

నాన్న షరతు ఒక్కటే. పొద్దున వెళ్లి సాయంత్రం ఇంటికి రాగలిగే కాలేజీ అయితేనే ఇంజనీరింగ్. హాస్టలు మాట ఎత్తకూడదు. అంటే బెజవాడే. అదీ ఫ్రీ సీటే రావాలి, పేమెంట్ సీటు మా తాహతు కాదు. కోస్తా కాలేజీల్లో ఎక్కువ సీట్లు కోస్తా పిల్లలకే కాబట్టి ఆ ర్యాంకుకు బెజవాడలో ఖాయమని నందిగామ లెక్చరరు చెప్పాడట.

కాగితాల పని నేను నెత్తిన వేసుకున్నాను. దరఖాస్తులో లోకల్ ఎక్కడ అన్న గడిలో కోస్తా అని ధీమాగా రాశాను. చెల్లి ఆ కాగితం వైపు అనుమానంగా చూసింది.

“బడి ఎక్కడో చూస్తారేమో అన్నయ్యా.”

“నీ బస్సు పాసు చూసి సీటిస్తారటే. పుట్టింది పేట, పెరిగింది పేట,” అన్నాను.

ఎమ్మార్వో ఆఫీసుకి రేషన్ కార్డు పట్టుకెళ్లి నివాస ధ్రువపత్రం అడిగాను. ఇంకేమైనా రుజువు ఉందా అని గుమాస్తా అంటే, మా చెల్లిని అమ్మ కన్న మంచం కూడా మోసుకొస్తానన్నాను. ఆయన నవ్వి స్టాంపు కొట్టించారు. ఆ కాగితం ప్లాస్టిక్ కవర్లో పెట్టి, బెజవాడ కౌన్సెలింగుకి నేను, నాన్న, చెల్లి వెళ్లాం.

బల్ల దగ్గర ఉన్నాయన స్టడీ సర్టిఫికెట్లు పేకముక్కల్లా పరిచారు. ఆరో తరగతి నుంచి ఏడేళ్లు. పాలేరుకి ఇటువి మూడు, అటువి నాలుగు.

“నువ్వు తెలంగాణ లోకలమ్మా. ఇక్కడ నాన్ లోకల్,” అన్నారు.

నేను ప్లాస్టిక్ కవరు ముందుకు తోశాను. ఆయన చదివి మెల్లగా వెనక్కి జరిపారు.

“ఇది బడికి పోనివాళ్లకి బాబూ. చదువుకున్నవాళ్లకి ఎక్కువేళ్లు బడి ఎక్కడైతే అదే ఊరు. బడి లేనివాళ్లకే ఇల్లు చూస్తాం.”

“అంటే ఎనిమిది తప్పి పంచర్లేసుకుంటున్న నేను లోకలాండీ?”

“నూటికి నూరుపాళ్లు.”

ఆయన నవ్వారు. వెనక లైన్లో వాళ్లూ నవ్వారు. మా చెల్లి నవ్వలేదు. అది బల్ల మీద ఉన్న నాలుగు కోదాడ కాగితాల వైపు చూస్తోంది. ఆ నాలుగూ ఎవరి వల్ల వచ్చాయో నాకు అప్పుడు తట్టింది.

ఆయన మంచివాడే. నాన్ లోకల్‌కి మిగిలే సీట్లు ఈ ర్యాంకుకు అందవని, హైదరాబాదులో అయితే ఇప్పుడే ఫ్రీ సీటు ఉందని, వదులుకోవద్దని రెండుసార్లు చెప్పారు. చెల్లి నాన్న వైపు చూసింది. నాన్న చొక్కా జేబులో పెన్ను క్యాపు తీసి పెట్టి, మళ్లీ తీశారు. ‘హాస్టల్లో వేద్దాం నాన్నా’ అని నేను అనాల్సింది. నివాస పత్రాన్ని తిరిగి ప్లాస్టిక్ కవర్లో పెట్టుకున్నాను.

“పోదాం పదమ్మా,” అన్నారు నాన్న.

తిరుగు బస్సులో కీసర దాటాం, కంచికచర్ల దాటాం. నందిగామలో దాని కాలేజీ ముందు బస్సాగితే అది తల ఇటు తిప్పుకుంది. పేటలోనే డిగ్రీలో చేరింది. ఆ తర్వాత నేను ఎన్ని వేషాలు వేసినా మర్యాదకి పెదవి కదిపేది, అంతే.

రెండు వేల తర్వాత కంచికచర్ల చుట్టుపక్కల హైవే మీద ఇంజనీరింగ్ కాలేజీలు లేచాయి. వాటి బస్సులు పేట సందుల్లోకొచ్చి హారన్ కొట్టి మరీ పిల్లల్ని ఎక్కించుకునేవి. అప్పటికి నేను ఎమ్మార్వో ఆఫీసు ఎదురుగా జెరాక్స్ షాపు పెట్టాను. నివాస పత్రం పట్టుకొచ్చిన ప్రతి తండ్రినీ, పిల్ల ఎక్కడ చదివిందండీ అని ముందే అడిగేవాణ్ణి. మా ఊరి పిల్లే కదయ్యా, నీకెందుకు, కాపీ తియ్ అనేవారు. తీసేవాణ్ణి.

చెల్లిని నందిగామలో ఇచ్చాం. ఒకరోజు ఫైలు పట్టుకుని షాపుకొచ్చింది. అక్కడొక ప్రైవేటు బళ్లో టీచరు ఉద్యోగానికి పెట్టుకుంటుందట. నేను ఒక్కొక్క కాగితమే అద్దం మీద పెట్టి కాపీ తీస్తున్నాను. కోదాడ ఏడో తరగతిది పెట్టి మూత వేశాను.

“ఆ నాలుగూ వద్దులే అన్నయ్యా,” అంది. “అవి ఎవరూ అడగరు.”

అప్పటికే మీట నొక్కేశాను. లైటు ఇటు నుంచి అటు వెళ్లింది, కాపీ బయటికొచ్చింది. అది ఆ కాపీని నాలుగు మడతలు పెట్టి నా బల్ల కింద చెత్తబుట్టలో వేసి, మిగతావి ఫైల్లో సర్దుకుని, బస్సుకి టైమైందని వెళ్లిపోయింది.