బుచ్చిరాములుకు చాలని స్పీడు

బుచ్చిరాములుకు ఇంటర్నెట్ స్పీడు ఎంతిచ్చినా చాలదు. ఇంతకీ ఆయన చేతిలో ఉన్నది బటన్ల ఫోను. అందులోకి ఇంటర్నెట్ వచ్చే దారే లేదు. సూరత్‌లో పాండేసర బట్టల మిల్లుల వెనక గల్లీలో ఒంటి గది, ఒంటి మనిషి, ఒక చాప. గోడకు మాత్రం పెద్ద డాక్టర్లు తమ ఫ్లాట్లలో పెట్టించుకునే ఖరీదైన కనెక్షన్ పచ్చ దీపాలతో మిణుకుమంటూ ఉండేది.

ఆ లైన్ చూసుకునే టెక్నీషియన్ నరేశ్. సూరత్‌లోనే పుట్టి పెరిగిన తెలుగువాడు. ఇంటికీ ఇంటికీ మధ్య తీగలు లాగుతూ తిరిగే అతనికి, ఊరి చివర సచిన్ అనే పేటలోని తన అద్దె గదిలో మాట్లాడే మనిషి లేడు. ఫోన్ మోగితే అవతల లైన్ తెగిన కస్టమరే. లేదంటే, బుచ్చిరాములు మళ్ళీ గొడవ పెట్టాడని చెప్పే ఆఫీసు.

ఆ గొడవ ఎప్పుడూ ఒక్కటే. ఆఫీసులో ఫిర్యాదులు రాసుకునే లత, ఆయన నంబర్ కనబడగానే ఫోన్‌ను చెవికి మూరెడు దూరంలో పట్టుకునేది.

"మూతులు ఆగుతున్నయి! స్పీడు పెంచుండ్రి!"

"ఏం మూతులు కాకా? ఏం సినిమా పెట్టినవ్?"

"ఆగుతున్నయంటే ఆగుతున్నయి! జర జల్ది రాండ్రి!"

అంతే, ఫోన్ పెట్టేసేవాడు. జవాబు వినే అలవాటు ఆయనకు లేదు. సినిమా పిచ్చి అంది లత. పొగరు అన్నాడు నరేశ్. తలనొప్పి అన్నాడు మేనేజర్ ఓంప్రకాష్.

ఒకసారి బుచ్చిరాములు స్వయంగా ఆఫీసుకు వచ్చి ఓంప్రకాష్ ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. ఇంకా పెద్ద ప్లాన్ కావాలట.

"చాచా, ఇస్కే ఊపర్ కుఛ్ నహీ హై! మీ తీగ మీద ఇంతకన్నా పెద్ద ప్లాన్ లేదు!" అంటూ రెండు చేతులూ జోడించాడు ఓంప్రకాష్.

"లేకుంటే చేయుండ్రి. ఇంత పెద్ద దుకాణం ఎందుకు పెట్టిండ్రు మరి?"

నరేశ్ ఎప్పుడు వెళ్ళినా ఆ గదిలో అంతా సవ్యంగానే ఉండేది. మిల్లులో ఆ వేళ ఏ రంగు అద్దుతున్నారో ఆ రంగులో గది వెనక కాలువ పారుతూ ఉండేది. కిటికీలోంచి గులాబీ వెలుగో ఆకుపచ్చ వెలుగో పైకప్పు మీద ఆడేది. నరేశ్ తన ఫోన్‌లో స్పీడ్ టెస్ట్ పెట్టేవాడు. ముల్లు చివరిదాకా పోయి ఆగేది.

"చూడు కాకా, ఫుల్లున్నది."

"నీ ముల్లు నేనేం జేస్కోను? మూతి జూడు, మూతి!"

అలా అంటూ నరేశ్ నోట్లోకే చూసేవాడు. ఆ చూపుకు ఇబ్బందిపడి పళ్ళలో ఏదైనా ఇరుక్కుందేమోనని నరేశ్ ఒకటి రెండుసార్లు అద్దంలో చూసుకున్నాడు కూడా. ఇంటర్నెట్ డబ్బా మీదికి వంగి పనిచేస్తూ తాను ఏదైనా అడిగితే మాత్రం ముసలాయన పలికేవాడు కాదు. పొగరు కాకపోతే ఏమిటి?

ఒక ఆదివారం పొద్దున్నే బుచ్చిరాములు అదే పనిగా ఫోన్లు చేశాడు. లత ఏడుపు మొహంతో ఓంప్రకాష్‌కు చెప్పింది. ఇన్ని ఫిర్యాదులేమిటని పై ఆఫీసు అప్పటికే అతన్ని చీవాట్లు పెడుతోంది. ఓంప్రకాష్ సెలవు రోజని కూడా చూడకుండా నరేశ్‌కు ఫోన్ చేశాడు.

"జా, లైన్ కాట్ దే. కనెక్షన్ కోసేసి డబ్బా ఊడదీసి పట్రా. ఇక ఆ చాచా మనకు కస్టమర్ కాదు."

ఆదివారాలు నరేశ్‌కు ఎలాగూ పొడుగ్గానే గడుస్తాయి. నిచ్చెన వేసుకుని బయల్దేరాడు.

బుచ్చిరాములు ఇంటి మెట్లనిండా చెప్పులు. గదినిండా మనుషులు. అంతమంది మగవాళ్ళు ఒక గదిలో చేరితే ఉండాల్సిన గోల లేదు. ఎవరూ నోరు విప్పి ఒక్క చప్పుడు చేయడం లేదు. ప్రతి ఒక్కరి ఎదుటా గోడకు ఆనించిన ఫోన్. ఫోన్‌లో ఒక ముఖం. ఇటు పెదవులు కదులుతున్నాయి, వేళ్ళు గాలిలో తిరుగుతున్నాయి. అటు పెదవులు బదులిస్తున్నాయి. నీళ్ళ అడుగున ఊరొకటి మాట్లాడుకుంటున్నట్టుంది.

అందరూ సాంచాల మీద పనిచేసేవాళ్ళే. ఆ మరమగ్గాల షెడ్డులో మోతకు పక్కవాడి కేక కూడా వినబడదు. అందుకే సాంచె అవతలి మనిషితో పెదవులతోనే, చేతులతోనే మాట్లాడతారు. కొన్నేళ్ళకు చెవులు పూర్తిగా సెలవు తీసుకుంటాయి. ఊళ్ళో ఉన్న ఇంటివాళ్ళకూ ఆ భాషే అలవాటైపోతుంది. మామూలు ఫోన్ వాళ్ళకు ఉత్త డబ్బా. ముఖం కనబడాలి, పెదవి ఆగకుండా ఆడాలి.

బుచ్చిరాములు ఎవరితోనూ మాట్లాడటం లేదు. జారిపోతున్న ఫోన్లను సరిచేస్తూ, రెండు చేతులతో చెప్పాల్సింది ఉన్నవాడి ఫోన్‌ను తాను పట్టుకుని నిలబడుతూ తిరుగుతున్నాడు. ఆయన భార్య పోయి చాలా కాలమైంది. ఫోన్‌లో ఆయన కోసం కనబడే ముఖం ఎక్కడా లేదు.

"కాకా!" వెనకనుంచి పిలిచాడు నరేశ్. పలకలేదు. ముందుకు వచ్చి నిలబడ్డాడు. "కాకా, నీకు గూడ వినపడదా?"

ఆయన నరేశ్ పెదవులు చూసి తలూపాడు.

"మరి ఆఫీసుకు ఎట్ల ఫోన్ చేస్తున్నవ్?"

"చెప్పేది నేను గదా! మీరు చెప్పేటిది నాకెందుకు?"

"మేం పొగరనుకున్నం."

"అనుకోండ్రి. చెవిటోనివి, నీకు ఫోన్ల పనేందని అనకుంటే చాలు."

మూతులు ఎందుకు ఆగుతున్నాయో నరేశ్‌కు అప్పుడు అర్థమైంది. తాను వచ్చి చూసినదంతా పని రోజుల్లో, ఒక్క ఫోన్‌తో. పైగా ఆ పాత తీగలో బొమ్మ వచ్చే దారి వెడల్పు, ఇక్కడి బొమ్మ పోయే దారి ఇరుకు. ఇన్ని ముఖాలు ఒక్కసారిగా ఆ ఇరుకులో తోసుకుంటుంటే, ఇక్కడి చేతులు అక్కడ గాలిలోనే ఆగిపోతున్నాయి. మళ్ళీ చెప్పు, మళ్ళీ చెప్పు అని అవతలివాళ్ళు బతిమాలుతున్నారు.

అతను లైన్ కోయలేదు. ఓంప్రకాష్‌కు వీడియో కాల్ చేసి ఫోన్‌ను గదివైపు తిప్పాడు.

ఓంప్రకాష్ కాసేపు చూశాడు. "యే లోగ్ బోల్ క్యో నహీ రహే? ఎవరూ మాట్లాడరేంటి?"

"బోల్ రహే హై, సర్. మాట్లాడుతనే ఉన్నరు."

ఓంప్రకాష్ పాత తీగ తీసెయ్యమన్నాడు. రానూపోనూ ఒకే స్పీడు ఉండే ఫైబర్ వెయ్యమన్నాడు. పై ఆఫీసుకు ఏదో ఒకటి చెప్పుకుంటాడట.

నరేశ్ ఫైబర్ లాగి, డబ్బా మార్చి స్విచ్ వేసేసరికి కాలువ నీలంగా మారింది. గదిలో ముఖాలన్నీ ఒక్కసారిగా తేటపడ్డాయి. అందరూ చేతులు పైకెత్తి ఊపారు. అది చప్పట్లన్నమాట. మొండయ్య అనే సాంచె కార్మికుడొక్కడు మాత్రం తన ఫోన్ ముందు నీరుగారి కూర్చున్నాడు. ఫోన్‌లో అతని భార్య రాజమ్మ పెదవులు ఎడతెగకుండా ఆడుతున్నాయి.

"ఏమైంది అన్నా?" అన్నాడు నరేశ్ ఎదురుగా వంగి.

"ఇన్ని దినాలు బొమ్మ ఆగి ఆగి వస్తుంటే, నన్ను జూసి నవ్వుతున్నదనుకున్న. ఇప్పుడు తెలిసె, తిడుతున్నది! నిజంగ, అన్నా, జర పాత తీగనే పెట్టరాదు!"

అతని పెదవులు చదివిన మొదటి మనిషి పక్కవాడికి చేతులతో చెప్పాడు, అతడు ఇంకొకడికి చెప్పాడు. నవ్వు చప్పుడు లేకుండా గదంతా తిరిగింది. బుచ్చిరాములు నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకుని కిటికీ దగ్గర కూర్చున్నాడు.

"తిట్టనియ్యి వాణ్ణి," అన్నాడు కాలువ వంక చూస్తూ. "వానికి ఉన్నరు. నన్ను తిట్టెటోళ్ళు ఎవరున్నరు?"

నరేశ్ వెళ్ళి ఆయనకూ కిటికీకీ మధ్య నిలబడ్డాడు. తన పెదవులు బాగా కనబడేలా మెల్లగా, విడమరిచి చెప్పాడు.

"మేం లేమా కాకా? ఆఫీసుల అందరం తిడుతం."

"నిజంగనా?"

"లత తిడ్తది, సార్ తిడ్తడు. నేనైతే దారి పొడుగున తిట్టుకుంటనే వస్త."

బుచ్చిరాములు ముఖం విచ్చుకుంది. పక్కకు జరిగి, చాప మీద నరేశ్‌కు చోటిచ్చాడు.

"కూసో. కూసోని మంచిగ చెప్పు. ఏమేం తిడ్తరు?"