తిరిగి అడగొద్దని చెప్పాను

ఈ పొద్దున పై అంతస్తు బాల్కనీలో ఒక అమ్మాయి తన గురించి తానే బిగ్గరగా అప్పజెప్పుకుంటోంది. రేపు ఇంటర్వ్యూ అట. భీమవరం వైపు నుంచి వచ్చిన కుటుంబం. బౌరంపేట్‌లోని మా అపార్ట్‌మెంట్‌లో నన్ను పలకరించేది ఆ పిల్ల ఒక్కతే. "అంకుల్, మీరు ఇంటర్వ్యూలు చేస్తారంట కదా, ఒక్క ముక్క చెప్పండి" అని కిందికి వంగి అడిగింది. చేతిలో చాయ్ పక్కన పెట్టాను. తమ్ముడు గుర్తొచ్చాడు.

రావల్కోల్‌లో మా ఇంట్లో వాడు ఏ పని చెప్పినా ముందు ప్రశ్నలేసేవాడు. మా అమ్మ, అదే అవ్వ, ఉల్లిగడ్డలు తెమ్మంటే, "కూరకా, పచ్చడికా? సుట్టాలొస్తుండ్రా, మనమేనా?" అనేవాడు. "నీ అడుగుడు ఒడిసేవరకు పొయ్యి సల్లారుతది" అని అవ్వ కసిరేది. తెచ్చినవి మాత్రం ఎప్పుడూ సరిగ్గా సరిపోయేవి. దేవరయాంజాల్ దగ్గర ఒక గోదాంలో సూపర్‌వైజర్ పని ఉందని తెలిసినప్పుడు వాడి సంబరం చూడాలి. నేనప్పుడే మేడ్చల్‌లో ఒక కంపెనీలో మనుషుల్ని ఎంపిక చేసే ఉద్యోగంలో చేరాను. ఆ కొత్త పెద్దరికంతో వాణ్ని కుర్చీలో కూర్చోబెట్టి పాఠం చెప్పాను. చేతులు ఊపొద్దు, అడిగినదానికే జవాబు చెప్పాలి, సారును తిరిగి ప్రశ్నించొద్దు. "సమజ్ కాకపోతే ఎట్ల అన్నా?" అన్నాడు. "సమజైనట్టే కూసో" అన్నాను.

లారీ ఆలస్యమైతే ఏం చేస్తావని అక్కడి సారు అడిగాడట. నేను బట్టీ పట్టించినట్టే "పైవాళ్లకు తెలియజేస్తాను సార్" అని వీడు ఊరుకున్నాడు. ఆ ఉద్యోగం రాలేదు. తర్వాత, నాకు పరిచయమున్న ఆ సారే ఫోన్ చేశాడు. "లారీల ఏమున్నదో గూడ అడగలే మీ తమ్ముడు. మందులుంటే ఒక తీరు, ఇనుముంటే ఒక తీరు గదా. అడుగుతడేమోనని సూసిన" అన్నాడు.

ఆ మాట నేను ఇంట్లో చెప్పలేదు. వాడే బెదిరిపోయాడన్నాను. మా నాన్న, బాపు, తాను పోయేదాకా వాణ్ని నోరులేనోడనే అన్నాడు. వాడు కాదనలేదు, నిజంగానే నోరు కట్టేసుకున్నాడు. ఇప్పుడు ఊళ్లోనే కూరగాయలు పండిస్తున్నాడు. ఫోన్ చేసి "తిన్నవా?" అంటే "తిన్న" అంటాడు. "వానలున్నయా?" అంటే "ఉన్నయ్." నువ్వెట్లున్నవని తిరిగి అడగడు. నా భార్య పోయి, ఈ గదుల్లో నేనొక్కణ్ణే మిగిలాక కూడా అడగలేదు.

"అర్థం కాకపోతే తిరిగి అడుగమ్మా" అన్నాను పైకి చూసి.

"అడిగితే ఏం తెలీదనుకోరా అంకుల్?"

"అనుకోరు. శ్రద్ధగా వింటున్నావనుకుంటారు."

లోపలికొచ్చి తమ్ముడికి ఫోన్ చేశాను. ఆ సారు అన్న మాట, దాన్ని నేను దాచిన సంగతి, అన్నీ చెప్పాను. అటువైపు చేలో నీళ్లు పారుతున్న చప్పుడు వినిపిస్తోంది. వాడు, "బాపుకెందుకు చెప్పలేదన్నా?" అన్నాడు.

ఇన్నేళ్ల తర్వాత వాడు నన్నొక ప్రశ్న అడిగాడు. దానికి జవాబు వెతుక్కోవడానికి నాకు కావలసినంత కాలం దొరికింది. ఆ నిజం వినవలసిన బాపుకే అంత కాలం లేకపోయింది.