కరెంటు పోయాక మోడెం కూసింది

దెయ్యాలున్నాయని ఎవరైనా అంటే, వాటి వోల్టేజి ఎంత అని అడిగే రకం నేను. విశాఖలో జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతాను. ఇప్పుడు రాసేది నమ్మమని ఎవరినీ బతిమాలను. జరిగింది జరిగినట్టు చెబుతాను, అంతే.

అవి మోడెం ఫోన్ లైను మీద నంబరు తిప్పి ఇంటర్నెట్ కలిపే డయలప్ రోజులు. మా తమ్ముడు సరుకు ఓడల్లో ఇంజనీరు. ఓడ ఏ రేవు చేరినా నాకు ఈమెయిల్ రాసేవాడు. ఒకరోజు ఓడ మీదే గుండె ఆగి పోయాడు. నాలుగేళ్ల ఉత్తరాలు కంచరపాలెంలో మా ఇంటి కంప్యూటర్లో, ఒక్క ఇన్‌బాక్స్‌లోనే ఉండిపోయాయి.

వాడి భార్య పద్మ తగరపువలసలో ఉండేది. వాళ్లింట్లో కంప్యూటర్ లేదు. వారానికోసారి ఫోన్ చేసేది.

"వదినా, ఆయన రాసినవన్నీ ఒక కాపీ తీసియ్యవా? నాను సదువుకుంటాను."

ఇదిగో, అదిగో అనేదాన్ని. అసలు సంగతి వేరు. మెయిల్‌కి జవాబు రాస్తే దాని కింద మనం రాసింది కూడా వేలాడుతుంది. పద్మ గురించి నేను రాసిన మాటలన్నీ వాడి జవాబుల కింద అలాగే ఉన్నాయి. ఆమె వంట, చదువు, పుట్టింటివాళ్లు, దేన్నీ వదల్లేదు నేను. వాడు ప్రతిసారీ ఆమె పక్షమే.

కంప్యూటర్ బాగుచేసే అతను ముందే చెప్పాడు. "మేడమ్, ఇన్‌బాక్స్ బాగా నిండిపోయింది. ముందు సీడీలోకి ఎక్కించుకోండి, తర్వాత ఏం చేసినా పరవాలేదు."

"మా ఇంటి గోల నీ సీడీకెందుకు?" అన్నాను.

ఒక ఆదివారం మధ్యాహ్నం కూర్చుని, నా మాటలున్న ఉత్తరాలు ఏరి చెరిపేశాను, మిగిలినవి పద్మకిద్దామని. ఖాళీ అయిన చోటు కుదించనా అని ప్రోగ్రాం అడిగింది. సరే అన్నాను. సగంలో ఉండగా కరెంటు పోయింది. యూపీయస్ దండగ అన్నదీ నేనే.

తెర నల్లబడింది. ఫ్యాను ఆగింది. అప్పుడు కంప్యూటర్లోంచి మోడెం కూత మొదలైంది. ఇంటర్నెట్ కలిసేటప్పుడు వచ్చే ఆ కీచు శబ్దమే. గోడ గడియారం చూశాను. మూడూ పదికి మొదలై మూడుంబావుకి ఆగింది.

కరెంటు వచ్చాక తెరిస్తే ఇన్‌బాక్స్‌లో ఒక్క ఉత్తరం లేదు. బాగుచేసే అతను రెండు రోజులు తంటాలు పడి చేతులెత్తేశాడు.

ఆ ఆదివారం సాయంత్రమే పద్మ ఫోన్ చేసింది.

"ఏటి వదినా, మూడింటికి ఫోన్ సేసి మాటాడలేదు? నీ నంబరే పడింది. ఒకటే కీసుమని సప్పుడు."

"పెట్టెయ్యకపోయావా?"

"ఎందుకో పెట్టెయ్యబుద్ధి కాలేదు. ఆగిందాకా ఇన్నాను."

మా కంప్యూటర్లో ఇంటర్నెట్ నంబరు తప్ప ఆమె నంబరు ఎక్కడా లేదు. లోపల మిగిలిన కరెంటు అయ్యుంటుందన్నారు స్టాఫ్‌రూంలో. మిగిలితే రెండు క్షణాలు, అయిదు నిమిషాలా అని వాదించి గెలిచాను. గెలిచానే గానీ, కారణం ఈ రోజుకీ నాకు తెలియదు.

తర్వాతి ఆదివారం తగరపువలస వెళ్లి, అన్నీ పోయాయని చెప్పాను. ఎలా పోయాయో చెప్పలేదు.

పద్మ ఏడవలేదు. "పోనీలే. నువ్వు సదివావు కదా వదినా. నా గురించి ఏటి రాసేవోరు?"

నోరు తెరిచాను. నేను రాసినవి అక్షరం పొల్లుపోకుండా గుర్తున్నాయి. వాడి జవాబుల్లో ఒక్క వాక్యం కూడా గుర్తుకు రాలేదు.