టీవీ ఇంటోళ్ళది, ఇది నాది

మా వదిన పోయి మొన్న సోమవారానికి మూడు వారాలు. ఆ రోజు కాలేజీలో రెండో పీరియడు ముగించుకుని స్టాఫ్ రూములోకి వస్తుంటే అన్నయ్య ఫోను చేశాడు. "అమ్మీ, మీ వదిన లేదే" అన్నాడు. డయాలసిస్ ఉన్న రోజు కూడా కాదు, ఒంట్లో ఓపిక లేకుండా ఎక్కడికి బయల్దేరిందని నాకు చిరాకు వేసింది. "ఎక్కడికెళ్ళింది?" అని గట్టిగానే అడిగాను. అన్నయ్య ఫోను పక్కనున్న ఎవరికో ఇచ్చేశాడు. అప్పుడు గానీ నాకు అర్థం కాలేదు. ఆమె గురించి నేను అన్న ఆ మాట కూడా విసుగుతోనే అన్నాను.

ఇది రాస్తున్నప్పుడు కూడా ఆ విసుగు పూర్తిగా పోలేదు. పోయినవాళ్ళ గురించి మంచే రాయాలంటారు. మంచే రాస్తాను గానీ, కోపం లేనట్టు నటించలేను. ఎందుకంటే ఆమెతో నాకు ఒక వాదన ఉంది, దాన్ని సగంలో వదిలేసి వెళ్ళిపోయింది.

ఆ వాదన ఏమిటో చెబితే నవ్వుతారు. టీవీకి తగిలించి ఆడుకునే పాతకాలం వీడియో గేమ్ గొప్పదా, చేతిలో పట్టుకుని ఆడుకునే చిన్న మిషను గొప్పదా అన్నది. నేను టీవీ పక్షం. ఆమె చేతి మిషను పక్షం. ఇరవై ఆరేళ్ళు ఇద్దరం ఒక్క అంగుళం కూడా కదల్లేదు.

వదినది యారాడ. కొండ దిగి సీతమ్మధారలో మా ఇంటికి కోడలిగా వచ్చేసరికి నేను ఇంటర్ చదువుతున్నాను. ఆమె నాకన్నా నాలుగేళ్ళు పెద్దది, అంతే. నాన్న స్టీల్ ప్లాంటులో పనిచేసేవారు. ఇంట్లో ఆఖరిదాన్ని కావడం వల్ల నేను ఏది అడిగితే అది వచ్చేది. అలా వచ్చిందే ఆ వీడియో గేమ్. కేసెట్టు పెట్టి ఆడే డబ్బా, దానికి వైర్లతో రెండు రిమోట్లు. టీవీ వెనక యాంటెన్నా పిన్ను తీసి దీని పిన్ను పెట్టాలి. బొమ్మ రాకపోతే కేసెట్టు తీసి ఊదాలి. సాయంత్రం ముందుగది నాది. నేను ఆడుతుంటే నాన్న పేపరు మడిచి చూసేవారు. గెలిస్తే అమ్మ వంటింట్లోంచి ఏమైందని అడిగేది.

వదిన రాగానే నాకు తోడు దొరికిందనుకున్నాను. రెండో రిమోటు ఆమె చేతిలో పెట్టాను. తడి చెయ్యి చీరకి తుడుచుకుని వచ్చి కూర్చునేది. వేగంగా నేర్చుకుంది. వారం తిరక్కుండా నేను దూకలేని గోతులు దూకింది. కానీ పది నిమిషాలు నిలకడగా కూర్చునేది కాదు. మధ్యలో లేచి వెళ్ళిపోయేది. ఆమె మనిషి తెరమీద అలా నిలబడిపోతే శత్రువులు వచ్చి కొట్టి చంపేసేవాళ్ళు. ఆ కేసెట్టులో ఇద్దరికీ కలిపి ప్రాణాలు లెక్క. ఆమె చస్తే నా ఆట కూడా అయిపోయేది. "నీవల్ల నేను కూడా ఓడిపోయాను" అని ఎన్నిసార్లు అరిచానో. నాలుగైదు నెలలయ్యాక పిలిచినా రావడం మానేసింది. నా ఆట నచ్చలేదనుకున్నాను.

తర్వాత ఒకరోజు పెరట్లో చూశాను. నీళ్ళ ట్యాంకు నిండే వరకూ మోటారు దగ్గర నిలబడాలి కదా, అక్కడ గోడకి ఆనుకుని బొటనవేళ్ళతో ఏదో నొక్కుతోంది. ఆ రోజుల్లో ఫుట్‌పాత్ మీద అమ్మే బూడిదరంగు ఆటమిషను. పైనుంచి చిన్న చిన్న ముక్కలు పడుతుంటాయి, వాటిని తిప్పి వరస నింపాలి. రెండు పెన్సిల్ సెల్స్ వేస్తే నెల ఆడుతుంది. పుట్టింటికి వెళ్ళినప్పుడు దారిలో జగదాంబ సెంటర్లో కొనుక్కుందట. రంగుల్లేవు, కథ లేదు. పైగా సౌండు ఆపేసి ఆడుతోంది. ముందుగదిలో అంత పెద్ద తెర, రంగులు, మ్యూజిక్ ఉండగా ఇదేం ఆట వదినా అని అడిగాను.

"టీవీ ఇంటోళ్ళది. ఇది నాది" అంది, తెర మీంచి కళ్ళు తియ్యకుండానే.

సౌండు ఎందుకు ఆపేశావని మరోసారి అడిగితే, "సౌండుంటే ఎవులో ఒకరు పిలుత్తారు. నాను ఖాళీగున్నానని తెలిసిపోద్ది" అంది. అప్పుడది నాకు జోకులా వినిపించింది.

అక్కడినుంచి మొదలైంది మా యుద్ధం. నా వాదన సులువైనది. ఆటంటే నలుగురూ చూడాలి, పక్కన ఒకరుండాలి, ఓడితే తిట్టుకోవాలి. మెడ వంచుకుని అరచేతిలోకి చూస్తూ కూర్చునేది ఆటెలా అవుతుంది? ఆమె పెద్దగా వాదించేది కాదు. అవకాశం దొరికినప్పుడు ఒక్కటి వేసేది. ఒకసారి ఇద్దరం బస్సులో యారాడ వెళ్తున్నాం. కొండమీద మలుపులకి నేను ముందు సీటు కడ్డీ పట్టుకుని కళ్ళు మూసుకున్నాను, తెరుస్తున్నాను. ఆమె హాయిగా ముక్కలు పేర్చుకుంటోంది. నేను చూస్తున్నానని గమనించి, "ఏదీ, నీ టీవీ కూడా తియ్యి, సూద్దాం" అంది. పక్క సీటావిడ కూడా నవ్వింది. నాకు ఒళ్ళు మండింది.

ఏళ్ళు గడిచాయి. నేను లెక్కల లెక్చరర్నయ్యాను, పెళ్ళయింది, రెండు వీధుల అవతల కాపురం పెట్టాను. నా డబ్బా మాత్రం పుట్టింట్లోనే, నాన్న కొన్న లావుపాటి టీవీ పక్కనే ఉండేది. నాన్న పోయాక ఒకరోజు వెళ్ళేసరికి ఆ టీవీ లేదు. అన్నయ్య నన్ను ఒక్క మాట అడక్కుండా పాత సామాన్లవాడికి ఇచ్చేశాడు. గోడకి పల్చటి టీవీ వచ్చింది. నా డబ్బాని ఎలాగో దానికి తగిలిస్తే బొమ్మ వెలిసిపోయినట్టు వచ్చింది. అంతకన్నా ఘోరం, నేను బటన్ నొక్కాక మనిషి దూకడానికి క్షణం పడుతోంది. ఆ క్షణంలో గోతిలో పడిపోతున్నాడు. ఆ పాత ఆటలకి ఆ పాత టీవీలే కావాలని, కొత్త టీవీలు బొమ్మని తమకి తగ్గట్టు మార్చుకునేసరికి ఆలస్యమవుతుందని తర్వాత తెలిసింది. వదిన గుమ్మంలో నిలబడి చూసి, "నువ్వు నొక్కినాక ఆడు ఎగరడానికి మీ అన్నయ్యని నిద్దర్లేపినంత సేపు పడతంది" అంది. నవ్వొచ్చింది గానీ నవ్వలేదు.

నా కోపమంతా ఆమె ఆరోగ్యం దగ్గర ఇంకోలా తిరిగింది. ఆమెకి సుగర్ ఉందని అందరికీ తెలుసు. కాళ్ళు వాస్తున్నాయని మాత్రం ఎవరికీ చెప్పలేదు. తన కూతురి, అంటే మా మేనకోడలి, పెళ్ళి పనులు అయ్యాక చూపించుకుందామనుకుందట. అప్పటికి కిడ్నీలు రెండూ పాడయ్యాయి. వారానికి మూడు రోజులు డయాలసిస్, మంగళ, గురు, శని. చెప్పకపోవడమేమిటని నేను ఆస్పత్రి వరండాలోనే ఆమెని కేకలేశాను. "సెప్తే ఏటి సేసేవోలు? పెళ్ళి ఆపేత్తారా?" అంది.

డయాలసిస్ అంటే నాలుగు గంటలు కదలకుండా పడుకోవడం. నాకు ఒక ఆలోచన వచ్చింది. కొత్త చేతి మిషను ఒకటి కొని పట్టుకెళ్ళాను. రంగుల తెర. నా డబ్బాలో ఆడిన ఆటలన్నీ, ఆమె ముక్కల ఆట, అన్నీ దాని కడుపులోనే ఉన్నాయి. ఇన్నాళ్ళకి ఆమె పక్షమే గెలిచిందని ఒప్పుకుంటున్నట్టు ఆమె చేతిలో పెట్టాను. ఆమె దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి దిండు కింద పెట్టేసింది.

సూదులు గుచ్చేందుకు ఆమె ఎడమ చేతికి ఆపరేషను చేశారు. డయాలసిస్ మిషను నడిచినంతసేపూ ఆ చెయ్యి వంచకూడదు, కదపకూడదు. చేతిలో పట్టుకునే ఆటకి రెండు చేతులు కావాలి. ఇరవై ఏళ్ళు ట్యాంకు దగ్గరా కుక్కరు దగ్గరా ఐదేసి నిమిషాలు దొంగిలించి ఆడుకున్న మనిషికి ఎవరూ పిలవని నాలుగు గంటలు దొరికితే, చెయ్యి లేదు. నాకు ఆ మంచాన్ని తన్నాలనిపించింది.

అలాంటప్పుడు టీవీ ఆటే నయం కదా, రిమోటు పరుపు మీద పెట్టి ఒంటిచేత్తో నొక్కొచ్చు అనుకున్నాను. వార్డులో టీవీ గోడ మీద ఎత్తున ఉంది. మా సామాను తగిలించుకుంటామని అడిగితే వైర్లు ముట్టుకోకూడదన్నారు. వాళ్ళ తప్పేం లేదు. అయినా మెట్లు దిగుతూ వాళ్ళని తిట్టుకున్నాను.

చివరికి దారి ఆమే చెప్పింది. "నా కుడిపక్కన కూకో. ఎడం బటన్లు నాను నొక్కుతాను, కుడి బటన్లు నువ్వు నొక్కు." మా ఇద్దరి మధ్యా దిండు పెట్టి, దాని మీద మిషను పెట్టాం. ముక్కని పక్కకి జరపడం ఆమె పని, తిప్పడం నా పని. ఇన్నేళ్ళుగా ఎడమ బొటనవేలు చేసిన పనిని ఆమె కుడి బొటనవేలికి మొదటినుంచి నేర్పుకోవాల్సి వచ్చింది. మొదటి రోజు ఘోరంగా ఆడాం. ఆమె ముక్కని ఆ మూలకి జరపాలనుకునేది, నేను ఈ మూలకి సరిపోయేట్టు తిప్పేదాన్ని. ఆమె నన్ను తిట్టింది, నేను ఆమెని తిట్టాను, నర్సు వచ్చి బీపీ చూసి ఇద్దర్నీ తిట్టింది. "నీకు ఆట రాదే, బటన్లు నొక్కడమొక్కటే వచ్చు" అంది వదిన.

నాకు శనివారం ఒక్కటే వీలయ్యేది. మిగతా రెండు రోజులూ ఆమె పక్కన కూర్చోమంటే అన్నయ్య ఆ చిన్న తెర కనబడదని టీకి కిందకి వెళ్ళిపోయేవాడు. అయినా నెల తిరిగేసరికి మేం మాట్లాడుకోకుండా ఆడగలిగేవాళ్ళం. ఆమె ఎటు జరుపుతుందో నాకు ముందే తెలిసేది. రెండు రిమోట్లున్న ఆటలో మేం ఎప్పుడూ జంట కాలేకపోయాం. ఒక్కరి కోసం చేసిన మిషను దగ్గర అయ్యాం. టీవీ పక్షమా, చేతి పక్షమా అన్న వాదన ఇప్పుడెటు పోవాలని ఒక శనివారం అడిగాను, నవ్వుతూనే. ఆమె నవ్వలేదు.

"అమ్మీ, నీ ఆటలో నాకు రెండో రిమోటిచ్చినావు. ఆడుకోడానికి టైము ఎవులిచ్చినారు? మీ నాన్నకి టీ అంటే నాను లెగాల. మోటారంటే నాను లెగాల. లెగిసి ఎల్లిపోనానని నువ్వు కేకలేసేదానివి. ఒక్కనాడు నా బదులు నువ్వు లెగిసుంటే, నాను ఆడుండేదాన్ని."

కోపంగా అనలేదు. నేను చెయ్యి తీసేశాను. "ఏటలా సూత్తావు? తిప్పు, అడ్డంగా పడిపోతంది" అంది.

తిప్పాను. ఇంకేం చెయ్యగలను? ఆ మాట నాకు పద్దెనిమిదేళ్ళప్పుడు చెప్పి ఉంటే అని ఆమె మీద కోపం వచ్చింది. ఎవరూ చెప్పకుండానే చూడాల్సింది కదా అని నా మీద అంతకన్నా ఎక్కువ వచ్చింది. నాన్న టీ తాగుతూ నా ఆట చూసేవారు. ఆ టీ ఎవరు తెచ్చారో నేను ఒక్కసారీ తలెత్తి చూడలేదు.

ఆ తర్వాత పదకొండు నెలలు ఆడాం. ఆమె పాదాలు సన్నబడ్డాయి, చూపు మందగించింది. తెర వెలుగు పూర్తిగా పెంచుకునేది. నీళ్ళు కొలిచి తాగమంటే ఐసుముక్క నోట్లో వేసుకుని నాకేసి చూసేది, ఇది నీళ్ళు కాదు కదా అన్నట్టు. దానికీ తిట్టాను. తిట్టించుకోవడం ఆమెకి అలవాటైపోయింది. తిట్టాక తిప్పడానికి నేనుంటానని తెలుసు కాబట్టేమో.

ఆఖరి శనివారం నేను జవాబు పేపర్ల కట్ట పట్టుకెళ్ళాను. సోమవారానికి మార్కులు ఇచ్చెయ్యాలి. కాసేపు దిద్ది ఆడదామన్నాను. ఆమె దిండు సర్దుకుని, మిషను ఆన్ చేసి, బొటనవేలు బటన్ మీద పెట్టుకుని కూర్చుంది. ఇంకొక్క పేపరు అన్నాను. ఇంకొక్కటి అన్నాను. ఎంతసేపయిందో తెలీదు, "నీ పని సూసుకోలే" అని మిషను ఆపేసింది. మాటలో నిష్ఠూరం లేదు. ఆ రోజు నేను ముప్ఫై రెండు పేపర్లు దిద్దాను. సోమవారం రెండో పీరియడు తర్వాత ఫోను వచ్చింది.

పెద్దకర్మ అయ్యాక, డయాలసిస్ సెంటర్లో ఆమె ఫైలు ఉండిపోయింది, తీసుకురమ్మని అన్నయ్య చెప్పాడు. వెళ్ళింది శనివారమే. కౌంటరు దగ్గర ఫైలు తీసుకుని వెనక్కి తిరగబోతూ లోపలికి చూశాను. వదిన పడుకునే కిటికీ పక్క మంచం మీద మరొకావిడ ఉంది. వదిన వయసే ఉంటుంది. ఎడమ చేతికి గొట్టాలు. గోడమీద టీవీలో ఎవరో వంట చేస్తున్నారు. ఆమె దానివైపు చూడడం లేదు. నన్ను చూసి, "ఎవులికోసమమ్మా?" అని అడిగింది. ఎవరికోసమూ కాదన్నాను. ఆమె తల మళ్ళీ దిండు మీద వాల్చింది. ఖాళీగా ఉన్న కుడి చెయ్యి మాత్రం దుప్పటి అంచున ఊడిన దారాన్ని లాగుతోంది, వదిలేస్తోంది, మళ్ళీ లాగుతోంది.