నాలుగో నంబరు ఎవరికి?

2011లో, తెలంగాణ ఉద్యోగులందరూ సమ్మెలో ఉన్న రోజుల్లో, నేను పెద్దవంగర పక్కన ఒక ఊరికి పంచాయతీ కార్యదర్శిని. ఇప్పుడది మహబూబాబాద్ జిల్లా, అప్పుడు వరంగల్. నా ఇల్లు జనగామలో. డిగ్రీ ఫిజిక్స్‌తో చదివాను. ఆ చదువు పంచాయతీలో ఎక్కడ పనికొస్తుందా అని చాలాకాలం చూశాను. పనికొస్తుందనుకున్న ఒక్కరోజున అదే ముందుగా పారిపోయింది. ఆ రోజు గురించే ఇది.

అప్పటికి సర్పంచుల పదవీకాలం ముగిసింది, ఎన్నికలు జరగలేదు. ఊరు స్పెషల్ ఆఫీసరు చేతిలో ఉండేది. స్పెషల్ ఆఫీసరంటే కొత్త సర్పంచి వచ్చేదాకా ఆ కుర్చీని కాపాడే అధికారి. మా ఊరి ఆఫీసరుకు అలాంటి కుర్చీలు చాలా ఊళ్లలో ఉండేవి. వాటిలో దేనిమీదా ఆయన కూర్చోగా నేను చూడలేదు.

సర్పంచి దిగిపోయే ముందు జరిగిన చివరి గ్రామసభలో బజారు వెడల్పు చేయాలని తీర్మానం చేశాం. బస్సు ఊరి బయటే ఆగి తిరిగిపోయేది. దారి వెడల్పయితే బడి దాకా వస్తుందని ఆశ. "ఎవరికన్న అభ్యంతరం ఉన్నదా?" అని అడిగాను. ఎవరూ మాట్లాడలేదు. ఎవరూ మాట్లాడకపోతే 'ఏకగ్రీవం' అని రాయడం మా ఉద్యోగంలో మొదట నేర్పే విద్య.

తర్వాత మార్కింగ్. రోడ్డు నడుమ నుంచి టేపుతో కొలిచి, ఏ ఇల్లు ఎంతవరకు పోతుందో గోడమీద ఎర్ర రంగుతో గీత గీసి, పక్కన నంబరు వేయాలి. నేను బస్సు ఆగే వైపు నుంచి మొదలుపెట్టాను. ఎటో ఒకవైపు నుంచి మొదలుపెట్టాలి కదా.

వానలు పడగానే ఒకటో నంబరు ఇంటి ముసలాయన పోయాడు. ఆయన వయసుకు అది వార్త కాదు. కొన్నాళ్లకు రెండో నంబరు ఇంటి రైతును పత్తి చేనులో పాము కరిచింది. ఊరు ఒకసారి గోడల వైపు చూసింది. మూడో నంబరు ఇంటి కోడలు జ్వరంతో పెద్ద దవాఖానకు పోయి, చాపలో చుట్టిన శవంగా తిరిగి వచ్చాక, ఊరు నా వైపు చూసింది.

హోటల్లోకి వెళ్తే మాటలు ఆగిపోయేవి. హోటల్ సాయిలు ఒకరోజు నెమ్మదిగా అడిగాడు.

"సారూ, నంబర్లు గటునుంచి ఎందుకేసిండ్రు?"

"ఎటునుంచి ఏస్తే ఏంది సాయిలన్నా?"

"ఇటునుంచి ఏస్తే ఒకటో నంబరు నాదయితుండె. గందుకే అడిగిన." నా గ్లాసు తీసుకుంటూ అన్నాడు. "ఇంకో చాయ్ తాగుండ్రి సారూ."

నాలుగో నంబరు ఇల్లు సరిగ్గా మా ఆఫీసుకు ఎదురుగా ఉండేది. మల్లయ్య, రాజవ్వ ఉండేవాళ్లు. మల్లయ్యకు పక్షవాతం వచ్చి ఎడమవైపు పడిపోయింది. మంచమే లోకం. సమ్మె మొదలయ్యాక రాజవ్వ మండల కేంద్రంలో మేం కూర్చున్న టెంటు దగ్గరికి వచ్చింది.

"సారూ, మా గోడ మీది నంబరు తుడిపెయ్యి. నీ కాల్మొక్త."

"మార్కింగ్ ఇంజినీర్లకు పంపినం అక్కా. నేను తుడపరాదు. పైగా సమ్మెల ఉన్న. సమ్మెల పని ముట్టొద్దు."

ఆమె టెంటులో కూర్చున్న మా అందరినీ ఒకసారి చూసింది. "సావు సమ్మె చేస్తలేదు గద సారూ," అని వెళ్లిపోయింది. మా వాళ్లు ఆ పూట నినాదాలు కొంచెం తక్కువ ఇచ్చారు.

కొన్ని రోజులకు టెంటులో జంపఖానాలు చినిగిపోయాయి. మా పంచాయతీ బీరువాలో కొత్తవి ఉన్నాయని నోరు జారాను. నన్నే తెమ్మన్నారు. మధ్యాహ్నం భోజనం చేసి బండి మీద బయలుదేరాను.

ఊరి బయట మామిడి తోటలో ఊరంతా కనిపించింది. పొయ్యిలు, వాటి మీద గంజులు, పొగ. ఆ రోజుల్లో ఎక్కడ చూసినా వంటా వార్పే. రోడ్డు పక్కనే వండుకుని తిని ప్రభుత్వానికి నిరసన చెప్పేవాళ్లం. ఇక్కడ మేకలు, కోళ్ల గంపలు, పసిపిల్లల ఉయ్యాలలు కూడా తెచ్చుకున్నారు. ఎంత పట్టుదల అనుకున్నాను. పిడికిలెత్తి "జై తెలంగాణ" అన్నాను. జనం లేచి రెండు చేతులూ ఊపారు. కొందరు కేకలు వేస్తూ నా వెనక పరుగెత్తారు కూడా. ప్రభుత్వ ఉద్యోగి మీద జనానికి ఇంత అభిమానం అంతకుముందు చూడలేదు. గుండె నిండిపోయి బండి వేగం పెంచాను.

బజార్లో బండి ఆపాను. దాని చప్పుడు ఆగిన చోట ఇంకే చప్పుడూ మొదలు కాలేదు.

తలుపులన్నింటికీ తాళాలు. బోరింగు దగ్గర బిందె లేదు. ఏ ఇంటి మీదా పొగ లేదు. వాకిళ్లలో మంచాలు లేవు, దండేల మీద బట్టలు లేవు. బంద్ అనుకుందామంటే, బంద్‌కు దుకాణాలు మూస్తారు గాని కుక్కలు సహకరించగా నేనెప్పుడూ చూడలేదు. ఒక్క కుక్క లేదు. ఎండ మాత్రం మామూలుగా కాస్తోంది. చీకట్లో భయపడటానికి ఏదో ఒక సాకు ఉంటుంది. పట్టపగలు, అంత వెలుతురులో, దేన్ని చూసి భయపడుతున్నానో కూడా తెలియలేదు.

ఆఫీసు తాళం తీస్తుండగా వెనక నుంచి మెల్లగా వినిపించింది.

"సెక్రటరీ సారేనా?"

తిరిగి చూశాను. ఎదురుగా నాలుగో నంబరు ఇల్లు. తలుపుకు బయట తాళం వేలాడుతోంది. ఫిజిక్స్ చదివినవాణ్ని కాబట్టి ముందు రెండడుగులు వెనక్కి వేసి, ఆ తర్వాత ఆలోచించాను.

"ఎవరది?"

"గట్టిగ మాట్లాడకు సారూ. నేను, మల్లయ్యను."

"మల్లన్నా, తాళం బయట ఉన్నది. నువ్వు లోపల ఉన్నవు."

"నాకెరికే. నేనే ఏపిచ్చిన."

తలుపు సందు దగ్గరికి వెళ్లి కూర్చున్నాను. లోపలి నుంచి గొంతు ఒక్కటే వస్తోంది, మనిషి కనిపించడం లేదు. ఊరికి కీడు సోకిందని, తెల్లారకముందే అందరూ ఇళ్లు విడిచి తోటకు పోయారని చెప్పాడు. పొద్దుగూకేదాకా ఊళ్లో మనిషి ఉండొద్దు, పొయ్యి వెలగొద్దు. ఖాళీ ఊళ్లో తిరిగి తిరిగి, ఎవరూ దొరక్క కీడు దానంతటదే వెళ్లిపోతుందట.

"ఎవలన్న ఉంటే?"

"ఉన్నోన్ని పట్టుకుంటది."

"మరి నువ్వెందుకున్నవు?"

"మంచం మీద పండవెట్టి మోసుకపోతమన్నరు. నంబరేసిన ఇంట్లకెల్లి, మంచం మీద, నలుగురు మోసుకుంట... నువ్వయితే పోతవా సారూ?"

ఆలోచించాను. పోను.

"నేను జనగామల బావమర్ది ఇంట్ల ఉన్ననని మా రాజవ్వ అందరికి చెప్పింది. నేనీడ ఉన్నట్టు తెలిస్తే దాన్ని ఊర్ల ఉండనియ్యరు. రేపు ఎవలకు జరమొచ్చినా దాని మీదికే వస్తది. నువ్వు నన్ను సూడలే. సరేనా?"

"నిజంగనే సూడలే మల్లన్నా. తలుపేసి ఉన్నది."

నవ్వాడో దగ్గాడో తెలియలేదు. "ఇగ నువ్వు గూడ పొద్దుగూకేదాంక కదలకు. ఇప్పుడు బయటికి పోతే కీడును ఎంటవెట్టుకొచ్చినవని కొడ్తరు."

తోటలో జనం చేతులు ఎందుకూపారో అప్పుడు అర్థమైంది.

అలా తాళం వేసిన తలుపుకు చెరోవైపు ఉండిపోయాం. కొంచెం కొంచెం సేపటికి లోపలి నుంచి "సారూ, ఉన్నవా?" అని వచ్చేది. "ఉన్న" అనేవాణ్ని. నా గొంతు నాకే కొత్తగా ఉండేది.

"తెలంగాణ వస్తదా సారూ?"

"వస్తది."

"వస్తే గీ నంబర్లు పోతయా?"

"రోడ్డు వేరే, రాష్ట్రం వేరే మల్లన్నా."

"నువ్వు తుడిపితే పోతది గద."

రూల్సు చెప్పాను. మార్కింగ్‌కు అనుమతి ఎవరిస్తారు, మార్చాలంటే ఎవరిని అడగాలి, వాళ్లంతా ఏ టెంటులో కూర్చున్నారు. చాలాసేపే చెప్పాను. చెప్పడం అయిపోయింది. లోపలి నుంచి ఏమీ రాలేదు.

"మల్లన్నా?"

లేదు.

"మల్లన్నా, ఉన్నవా?"

గాలి కూడా లేదు. తలుపు సందుకు చెవి ఆనించాను. ఇంట్లో ఎక్కడో నీటి చుక్క కుండలో పడిన చప్పుడు. ఊపిరి వినిపించలేదు. బజారు ఆ చివర నుంచి ఈ చివర దాకా చూశాను. కనిపించేది ఏదీ లేదు. ఏదో మాత్రం ఒకటో నంబరు దగ్గర మొదలై, రెండు, మూడు చూసుకుంటూ, నా దారినే నడిచి వస్తున్నట్టు అనిపించింది. వరుస వేసింది నేనే కాబట్టి దానికి దారి తప్పే అవకాశం లేదు.

కింద దొరికిన పెంకు ముక్క తీసుకుని గోడ మీది నాలుగును గీకడం మొదలుపెట్టాను. సున్నం పెచ్చులుగా రాలింది. నంబరు పోయింది, గీత పోయింది, నేనింకా గీకుతూనే ఉన్నాను.

"ఏంది సారూ గా సప్పుడు?" లోపలి నుంచి.

పెంకు పారేసి అక్కడే కూర్చుండిపోయాను. "నీ నంబరు తీస్తున్న. ఎందుకు మాట్లాడవు?"

"ఊకున్న. నువ్వేం జేస్తవో సూద్దామని."

తిట్టాలనిపించింది. ఆ గొంతు వినడం ఎంత హాయిగా ఉందంటే తిట్లు గుర్తుకు రాలేదు.

నాలుగు పోయాక అసలు చిక్కు మొదలైంది. మూడు తర్వాత అయిదు ఉంటే, ఊరు అయిదో ఇంటినే నాలుగోదిగా లెక్కపెడుతుంది. ఆ ఇంట్లో ఒక బాలింత ఉంది. నాలుగును ఎక్కడో ఒకచోట పెట్టాలి. లేచి బజారు వైపు చూశాను. బండ్లు, మంచాలు, పశువులు, మనుషులు ఎవరూ లేని బజారు. రోజూ తిరిగే దారే, కాని దాని అసలు ఆకారం అప్పుడే చూశాను. అందరి అరుగుల కన్నా ముందుకు, నిర్భయంగా, నడిరోడ్డు మీదికి చొచ్చుకొచ్చినవి మా పంచాయతీ ఆఫీసు మెట్లు. టేపు పట్టుకుని అన్ని ఇళ్లూ కొలిచినప్పుడు నేను వాటి మీదే నిలబడి ఉన్నాను.

బీరువాలో ఎర్ర రంగు డబ్బా మిగిలి ఉంది. మెట్ల పక్క గోడ మీద గీత గీశాను. నంబరు వేయబోతే చెయ్యి ఆగింది. కిటికీలోంచి నా కుర్చీ కనిపిస్తోంది. చదువుకున్నవాణ్ని, ఇవన్నీ నమ్మనివాణ్ని. అయినా చెయ్యి కదలలేదు. చివరికి ఎడమ చేత్తో కుడి మణికట్టు పట్టుకుని వేశాను. నాలుగు కొంచెం వంకరగా వచ్చింది.

పొద్దు గూకాక డప్పు వినిపించింది. ముందు కుల పెద్దలు పసుపు నీళ్లు చల్లుకుంటూ వచ్చారు, వెనక ఊరు. నన్ను చూసి ఆగారు. ఊరి పెద్ద వెంకటనర్సు ముందుకొచ్చాడు. గుంపులో రాజవ్వ మొహం కనిపించింది. ఆమె కళ్లు నా మీద కాదు, తన ఇంటి తాళం మీద ఉన్నాయి.

"సారూ, ఊర్ల ఎవలన్న ఉండిరా?"

"ఎవ్వరు లేరు బాపూ."

"నిజంగ?"

"నేనొక్కన్నే ఉన్న."

ఆయన నాలుగో ఇంటి గోడ చూశాడు. ఆఫీసు గోడ చూశాడు. తడి ఆరని నంబరు చూశాడు. గుంపులో గుసగుస మెల్లగా చల్లారింది. లెక్క కుదిరింది కాబోలు. ఖాళీ ఊళ్లో మిగిలినవాడు ఎవరో, నాలుగు ఎవరిదో, ఇద్దరూ ఒక్కడే. వెంకటనర్సు నా భుజం మీద చెయ్యేసి, ఎన్నడూ లేనంత ప్రేమగా అడిగాడు.

"పిల్లలెందరు సారూ మీకు?"

రాజవ్వ తాళం తీసి లోపలికి వెళ్లి తలుపు వేసుకుంది. ఆమెకు తప్ప ఇంకెవరికీ తెలియని మాట నాకూ తెలుసు కాబట్టి, అక్కడే ఆగి విన్నాను. లోపల ఏదైనా జరిగి ఉంటే ఏడుపు వస్తుంది. రాలేదు. కాసేపటికి పెంకుల సందుల్లోంచి పొగ లేచింది. ఊళ్లో మొదట వెలిగిన పొయ్యి అదే. జంపఖానాలు మరచిపోయి బండెక్కాను.

నాకేమీ కాలేదు. ఆ రాత్రి జ్వరం వచ్చింది, ఎండ దెబ్బ అని ఇంట్లో చెప్పాను. మా ఆవిడకు ఈ కథ ఇప్పటికీ పూర్తిగా తెలియదు. ఆ ఏడాది మార్కింగ్ వేసిన ఇళ్లలో మరెవరూ పోలేదు. ఎందుకని ఎవరూ నన్నడగలేదు, నేనూ ఎవరినీ అడగలేదు. మల్లయ్య రాష్ట్రం వచ్చేదాకా బతికాడు, ఆ తర్వాత కూడా కొంతకాలం ఉన్నాడు. కొత్త సర్పంచి వచ్చాక రోడ్డు పడింది. జేసీబీ ముందు మా మెట్లే కొట్టింది. మల్లయ్య అరుగు కొట్టాల్సినప్పుడు మాత్రం నేను గోడమీద ఏమీ రాయలేదు. లోపలికి వెళ్లి, మంచం పక్కన కూర్చుని, ఎంత పోతుందో చెప్పాను. ఆయన కొంచెం బేరమాడాడు. కొంచెం ఒప్పుకున్నాను.

తర్వాత చాలా ఊళ్లలో పనిచేశాను, చాలా గోడల మీద రంగు వేశాను. కొత్తగా ఉద్యోగంలో చేరినవాళ్లు మార్కింగ్ ఎలా చేయాలని అడిగితే ఒక్కటే చెప్తాను. మొదటి నంబరు మన ఆఫీసు గోడకే వేసి చూడండి. చెయ్యి ఎక్కడ ఆగుతుందో తెలుస్తుంది. ఆ తర్వాత మిగతా ఇళ్లకు వెళ్లండి.