గెలుపు లేని ఆట, రాజేశం కాక

ఇవాళ పొద్దున్న క్లాసు గదిలో తడిగుడ్డ పెడుతుంటే, నేల మీది సుద్దగీతలు తడిసి ఘాటైన వాసన లేచింది. నిన్న పిల్లలు తమ వీడియో గేమ్ కోసం గీసుకున్న గళ్ళవి. సూరత్‌లోని ఉధ్నాలో నేను నడిపే ఈ వేసవి క్లాసుకు వచ్చే పిల్లలెవరూ రాజేశం కాకను చూడలేదు. ఆయన పోయి రెండేళ్ళయింది. ఎవరూ అడగలేదు, అయినా చెబుతాను.

కాక మాకు చుట్టం కాదు. తెలంగాణ ఊళ్ళ నుంచి సూరత్‌కు సాంచాల పనికి, అంటే కరెంటు మగ్గాల పనికి, వచ్చిన వాళ్ళలో ఒకరు. మొదట మగ్గాలు బాగుచేసేవారు. తర్వాత కంప్యూటర్ ముందు కూర్చుని చీరల డిజైన్లు గీసే పనిలో కుదిరారు. ఎండాకాలం సెలవుల్లో పిల్లలు గల్లీలో పడి కొట్టుకుంటున్నారని, మా కులసంఘం గదిలో నాలుగు పాత కంప్యూటర్లు పెట్టి, పొద్దుటిపూట గేములు తయారు చేయడం నేర్పేవారు. "ఈ నెల ఆడుకోనీ తీ. ఎనిమిదైపోయె, ఇగ సదువు చాలు" అని, సాంచాల మీదే పనిచేసే మా బాపు అమ్మతో అన్నాడు. జూన్ నుంచి నేను అమ్మ పక్కన కూర్చుని చీరలకు మెరిసే రాళ్ళు అతికించాలని ఇంట్లో నిర్ణయమైపోయింది. అప్పుడు నాకు పదమూడేళ్ళు. నాకేమో బడికి పోవాలనే ఉండేది.

మొదటి వారం కాక మమ్మల్ని కంప్యూటర్ ముట్టుకోనిస్తే ఒట్టు. నేల మీద గళ్ళు గీసి, మధ్యలో నిలబడి, "నేనే కంప్యూటర్ను. నడిపియ్యుండ్రి" అన్నారు. "ముందుకు నడువు కాకా" అన్నాను. నడిచారు. గళ్ళు అయిపోయాయి, గోడ వచ్చింది, ఆయన ఆగలేదు. నుదురు ఠపీమని గోడకు కొట్టుకుంది.

"అయ్యో, ఆగు కాకా!"

"ఆగుమని ఎవలు జెప్పిండ్రు? నాకేమన్న మెదడున్నదా? జెప్పింది జేసుడే నాకెరుక" అని నుదురు రుద్దుకుంటూ ఆయనా నవ్వారు. మేమైతే కడుపులు పట్టుకుని దొర్లాం.

ఎవరి గేములోనైనా తప్పు దొరికితే ఆయనకు పండగే. "రాండ్రి, రాండ్రి! మంచి తప్పు దొరికింది!" అని అందర్నీ పోగేసేవారు. తప్పు చేసిన వాళ్ళు సిగ్గుతో చచ్చేలోపే, "గిది ఎందుకైంది? నాకు గూడ తెల్వది" అంటూ కళ్ళజోడు పైకి తోసి తెర మీదికి వంగేవారు. పెద్దవాళ్ళు తెలియదని ఒప్పుకోవడం నేను మొదటిసారి విన్నది అక్కడే. నటన కాదు, ఆయనకు నిజంగానే తెలుసుకోవాలని ఉండేది.

నా గేములో ఎనిమిది సాంచాలు, వాటి మధ్య ఒక మనిషి. పోగు తెగితే సాంచా ఆగిపోతుంది. బాణం గుర్తు మీటలతో మనిషిని ఉరికించి ముడి వేయించాలి. పక్క సీటు కిషన్ కాసేపు ఆడి విసుక్కున్నాడు. "అరే యార్, ఖతమే అయితలేదేంది? గెలుసుడెప్పుడు?"

"గెలుసుడేంది? పాళీ అయిపోతే ఇంకొకలొస్తరు. సాంచాలు నడుస్తనే ఉంటయి" అన్నాను. పాళీ అంటే షిఫ్టు. అందరూ గొల్లుమన్నారు. నాకు ఒళ్ళు మండింది. మా ఇంట్లో ఏనాడూ ఎవరూ పని గెలిచి రాలేదు, అలసి వచ్చారంతే. కాక మాత్రం నవ్వలేదు. "పోగు తెగంగనే మీ బాపు ఉరుకుతడా? చూసినవా?" అని అడిగారు. చూడలేదు. "మరి పోయి చూసిరా."

మర్నాడు బాపుకు అన్నం డబ్బా నేనే తీసుకెళ్ళాను. కార్ఖానా మోతలో పక్కనున్న మనిషి మాట కూడా వినపడదు. బాపు ఉరకడం లేదు. నింపాదిగా చుట్టూ తిరుగుతూ ప్రతి సాంచా మీదా అరచెయ్యి ఆనిస్తున్నాడు. ఒక్కోదాని దగ్గర ఆగిపోతున్నాడు. కాసేపటికి అక్కడే పోగు తెగుతోంది. ఇంటికొచ్చాక అడిగితే, "తెగే ముందట అదురు మారుతది బిడ్డా, చేతికి ఎరుకైతది" అన్నాడు. చిన్నప్పటి నుంచి ఆ చేత్తో ముద్దలు తిన్నదాన్ని, దానికి ఇంత తెలుసని నాకు తెలియదు. నా గేములో కూడా పోగు తెగే ముందు సాంచా కొద్దిగా వణికేలా మార్చాను.

కార్ఖానా సెలవు రోజు చూసి కాక తల్లిదండ్రులను పిలిచారు. "నా సదువు గురించి బాపుకు ఒక్క మాట జెప్పు కాకా" అని ముందే బతిమాలుకున్నాను. తల ఊపారు. తీరా బాపు వచ్చాక, ఆయనకు కుర్చీ చూపించి తాను వరండాలోకి వెళ్ళిపోయారు.

బాపు ఒక్క వేలితో భయం భయంగా మొదలుపెట్టాడు. నెమ్మదిగా చెయ్యి కుదిరింది. "గీ మూలది గింతగనం అదరది. మార్వొస్తదా?" అన్నాడు. ఆయన కళ్ళ ముందే మార్చాను. ఆయన తెర చూడలేదు, నా వేళ్ళనే చూశాడు. ఇంకాసేపు ఆడి, ఆట ఆపకుండానే కుర్చీలోంచి సగం లేచి, వేలు మీట మీదే ఉంచి, కిషన్ వాళ్ళ నాన్నను రమ్మని సైగ చేశాడు. నడుస్తున్న సాంచాలను పాళీ మారేటప్పుడు అప్పగించేది అలాగే. ఆయన కూర్చున్నాడు. ఆయన తర్వాత ఇంకొకాయన. గెలిచేదెప్పుడని ఒక్కరూ అడగలేదు.

"గిదంత నువ్వే జేసినవా?" అని బాపు నన్నడిగాడు.

"నేనే. ఇంక నేర్సుకుంట బాపూ, నన్ను తొమ్మిదిల ఎయ్యి." మాట ఎలా పెగిలిందో తెలియదు.

బాపు నా వేళ్ళను మళ్ళీ ఒకసారి చూశాడు. "సదువు తీ. ఆ రాళ్ళేవో మీ అమ్మ పక్కన గూసొని నేనంటిస్త" అన్నాడు.

సంతోషం కంటే ముందు నాకు కాక మీద కోపం పొంగింది. వరండాలోకి పోయి నిలదీశాను. "ఒక్క మాటన్న అనకపోతివేంది కాకా?"

"నేనంటె నా మాట మీద పంపుతడు. రేపు నా మీద కోపమొస్తె మాన్పిస్తడు. ఇప్పుడు నీ మాట మీద పంపిండు. ఇగ ఎవలు మాన్పిస్తరు?" అన్నారు. అప్పుడు ఏడ్చాను, పట్టలేనంతగా.

మొన్న మా క్లాసుకు ఒక తల్లి వచ్చింది. "ఏం నేర్సింది మా పిల్ల? ఇగ పంపుడు దండగ" అంది. జవాబుగా నా దగ్గర వంద మాటలున్నాయి. పిల్ల దిక్కులేనట్టు నా వైపే చూస్తోంది. "ఆమెనే అడుగమ్మా" అని బయటికొచ్చి గోడకు ఆనుకుని నిలబడ్డాను. లోపల ఆ పిల్ల గొంతు వణికింది, ఆగిపోయింది, మళ్ళీ మొదలైంది. రెండుసార్లు తలుపు దాకా వెళ్ళి వెనక్కి వచ్చాను. నోరు మూసుకుని నిలబడడం ఇంత కష్టమని ఆ మనిషి నాకు చెప్పనేలేదు.